రాత్రి పూట బండి మీద వెళ్తుంటే వెనకవాళ్లకు మనం కనిపిస్తున్నామా?

తెల్లాపూర్ రైడర్
అందరికీ నమస్తే. నా షిఫ్ట్ అర్ధరాత్రికి అయిపోతుంది. హైదరాబాద్‌లో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి గోపన్‌పల్లి మీదుగా తెల్లాపూర్ రావాలి. అవుటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు కదా, కాబట్టి సర్వీస్ రోడ్డు, లోపలి రోడ్లే గతి. దారి పొడవునా అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. టిప్పర్లు, రెడీమిక్స్ లారీలు, నీళ్ల ట్యాంకర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. కొన్ని చోట్ల వీధి దీపాలు వెలగవు. నాది 125 సీసీ బండి, మామూలు హాలోజన్ హెడ్‌లైట్. వెలుగు చాలడం లేదు. ఎల్ఈడీ బల్బు వేయించనా, హ్యాండిల్ కింద రెండు ఫాగ్ లైట్లు పెట్టించనా? మూడు వేల దాకా పెట్టగలను. రోజూ వెళ్లే దారి కాబట్టి ఒకసారి సరిగ్గా చేయించుకోవాలని ఉంది.

ఉప్పల్ 150
ఫాగ్ లైట్లే పెట్టించు బ్రో. నేను ఘట్‌కేసర్ వైపు రోజూ పోతాను, అవి పెట్టించాకే గుంతలు కనిపిస్తున్నాయి. స్విచ్ మాత్రం వేరుగా పెట్టించుకో, సిటీలోకి రాగానే ఆపెయ్యొచ్చు.

గ్యారేజ్ అన్న
తమ్ముడూ, కొత్త బల్బు కొనే ముందు ఇప్పుడున్న లైటు ఎక్కడ పడుతోందో చూసుకో. నా దగ్గరికి "వెలుగు చాలట్లేదు" అని వచ్చే బండ్లలో చాలావాటికి బల్బు బాగానే ఉంటుంది, లైటు మాత్రం ఆకాశం వైపో, ముందు చక్రం దగ్గరో పడుతుంటుంది.

సమతలంగా ఉన్న చోట, గోడకు ఐదు మీటర్ల దూరంలో బండి నిలబెట్టు. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. స్టాండ్ వేయకుండా నువ్వు సీటు మీద కూర్చో, ఇంకొకరిని గోడ దగ్గర నిలబెట్టు. నేల నుంచి హెడ్‌లైట్ మధ్య భాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద అదే ఎత్తులో చాక్‌పీసుతో గీత గీయించు. లో బీమ్ వేస్తే వెలుగు పైఅంచు ఆ గీతకు రెండు అంగుళాలు కిందికి ఉండాలి. పైకి ఉంటే ఎదుటివాడి కళ్లలో కొడుతుంది, మరీ కిందికి ఉంటే నీకు రోడ్డు కనపడదు. హెడ్‌లైట్ కిందో పక్కనో ఒక స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే సరిపోతుంది. రోజూ వెనక ఎవరినైనా ఎక్కించుకుంటుంటే వాళ్లను కూడా కూర్చోబెట్టి చూడు. బరువుకి వెనక కుంగి లైటు పైకి లేస్తుంది.

ఇక ఎల్ఈడీ సంగతి. హాలోజన్ బల్బులో ఫిలమెంట్, అంటే వెలిగే తీగ, ఎక్కడుంటుందో లెక్కపెట్టుకుని హెడ్‌లైట్ లోపలి మెరిసే గిన్నె వంపు తీర్చుతారు. అందులో ఎల్ఈడీ బల్బు దూరిస్తే వెలుగు పుట్టే చోటు మారిపోతుంది. తెల్లగా, ఎక్కువగా ఉన్నట్టే అనిపిస్తుంది కానీ చెల్లాచెదురుగా పడుతుంది. ఎదురుగా వచ్చే టిప్పర్ డ్రైవర్‌కి కళ్లు బైర్లు కమ్మితే అతను నీ మీదికే వస్తాడు. చాలా కమ్యూటర్ బండ్లకు 35 వాట్ల బల్బు వస్తుంది. అందులో 60 వాట్లది పెడితే హోల్డర్ కరిగిపోతుంది, అలాంటివి చాలా మార్చాను. ఫాగ్ లైట్లు పెట్టాల్సిందే అనుకుంటే రిలే (స్విచ్ మీద భారం పడకుండా లైట్లకు కరెంటు ఇచ్చే చిన్న పరికరం) వేయించి, కిందికి దించి పెట్టించు. చలానా పడే అవకాశం ఉందని కూడా గుర్తుంచుకో.

ఇంకో మాట. నువ్వు ముందు లైటు గురించే అడిగావు. నీ బండి వెనక లైటు వెలుగుతోందా? చాలా బండ్లలో వెనక ఉండేది 21/5 వాట్ల బల్బు. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు. 21 వాట్లది బ్రేకు కొడితే వెలుగుతుంది, 5 వాట్లది రాత్రంతా వెలుగుతూ ఉండాల్సింది. ఆ సన్నటిది ముందు పోతుంది. పగలు బ్రేకు నొక్కి చూస్తే లైటు వస్తుంది, అంతా బాగుందనుకుంటారు. రాత్రి బ్రేకు కొట్టనంతసేపూ వెనక చీకటే. బల్బు చేతిలోకి తీసుకుని గాజులోకి చూడు, తెగిన తీగ వేలాడుతూ కనిపిస్తుంది. ఖరీదు ముప్పై నలభై రూపాయలు.

తెల్లాపూర్ రైడర్
అన్నా, చాలా థ్యాంక్స్. వెనక లైటు వెలుగుతోంది, ఇప్పుడే కిందికి దిగి చూసి వచ్చాను. లైటు ఎత్తు ఆదివారం గోడ దగ్గర చూస్తాను. వెనక నుంచి వచ్చే లారీ సంగతి నిజంగా ఆలోచించలేదు.

క్యాబ్ స్టీరింగ్
నేను రాత్రుళ్లు ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు వేస్తాను. స్టీరింగ్ వెనక కూర్చుంటే ఏం కనిపిస్తుందో చెప్తాను, బైక్ మీద వెళ్లేవాళ్లు తెలుసుకోవడం మంచిది.

మిర్రర్‌లో నాకు బైకు కనపడదు, ఒక లైటు కనిపిస్తుంది. దాని వెనకే కారు ఉంటే మూడు లైట్లలో ఒకటిగా కలిసిపోతుంది. నేను లెఫ్ట్ తీసుకునేటప్పుడు ఆ లైటు నా పక్కనే ఉందా, యాభై మీటర్ల వెనక ఉందా అన్నది చెప్పడం కష్టం. కారు దగ్గరికొస్తుంటే రెండు లైట్ల మధ్య ఎడం పెరుగుతూ కనిపిస్తుంది, దాన్నిబట్టి వేగం అంచనా దొరుకుతుంది. బైకుకి ఉండేది ఒక్కటే లైటు. అందుకే మెట్రో పిల్లర్ల దగ్గర యూటర్న్ తీసుకునేవాళ్లు "ఇంకా దూరంగానే ఉంది కదా" అని తిప్పేస్తారు. మీరు 70 మీద వస్తున్నట్టు వాళ్లకు తెలియదు. యూటర్న్ దగ్గర ఎదుటి కారు ముందు చక్రం కదులుతోందేమో చూడండి. డ్రైవర్ తల మీవైపు తిరిగినంత మాత్రాన మిమ్మల్ని చూసినట్టు కాదు.

వాన పడుతుంటే ఇంకా కష్టం. పక్క అద్దం మీద చుక్కలు నిలిచి ప్రతి చుక్కలోనూ ఒక లైటు కనిపిస్తుంది. అప్పుడు కారు పక్కన పక్కనే రాకండి. ముందుకి వెళ్లిపోండి, లేదా వెనక్కి తగ్గండి.

ఇంకొకటి. కొంతమంది కుడికాలు బ్రేకు పెడల్ మీదే ఆనించి నడుపుతారు. బ్రేక్ లైట్ ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది. నిజంగా బ్రేకు కొట్టినప్పుడు నాకు తేడా తెలియదు.

అల్వాల్ 110
అయితే ఒక రిఫ్లెక్టర్ జాకెట్ కొనుక్కుంటే సరిపోతుందా? ఫ్లోరోసెంట్ టీషర్ట్ ఒకటి ఉంది నా దగ్గర, చిలకపచ్చ రంగుది. అదేసుకుంటే చాలా?

రేడియం టేపు
రాణిగంజ్‌లో సేఫ్టీ సామాన్ల షాపులో పనిచేస్తాను. ఈ ప్రశ్న రోజూ వింటాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఫ్లోరోసెంట్ గుడ్డ ఎండలో ఉండే అల్ట్రావయొలెట్ కిరణాలను తీసుకుని కళ్లకు కొట్టొచ్చినట్టు మెరుస్తుంది. పగలు, మబ్బు పట్టినప్పుడు, సాయంత్రం పొద్దువాలే వేళ చాలా బాగా పనిచేస్తుంది. రాత్రి బండి లైటు వెలుగులో ఆ కిరణాలు దాదాపు ఉండవు. అప్పుడు ఆ టీషర్ట్ మామూలు లేతరంగు టీషర్ట్ కిందే లెక్క. నల్లదానికంటే నయం, అంతవరకే.

రాత్రి పనిచేసేది దాని మీద కుట్టే వెండిరంగు పట్టీ. అందులో సన్నటి గాజు పూసలు ఉంటాయి. వెలుగు ఎటునుంచి వస్తే తిరిగి అటే పంపిస్తాయి. అంటే లారీ హెడ్‌లైట్ వెలుగు మళ్లీ లారీ డ్రైవర్ కళ్లకే చేరుతుంది. మంచి పట్టీ వంద మీటర్ల పైనుంచే మెరుస్తుంది. చవకరకం జాకెట్లలో వెండిరంగు పూసిన ఉత్త గుడ్డ పట్టీలు కూడా వస్తున్నాయి. చేత్తో తాకి చూస్తే తేడా తెలియదు. షాపులోనే జాకెట్ దూరంగా వేలాడదీయించి, ఫోన్ టార్చ్ వేసి సరిగ్గా కంటి పక్కన, కణత దగ్గర పట్టుకుని చూడండి. అసలుదైతే పట్టీ భగ్గున తెల్లగా మెరుస్తుంది. టార్చ్‌ని నడుము దగ్గరికి దించితే మెరుపు తగ్గిపోతుంది. నకిలీది ఎలా పట్టుకున్నా ఒకేలా ఉంటుంది. లేబుల్ మీద ఈఎన్ ఐఎస్ఓ 20471 (ఇలాంటి జాకెట్ల నాణ్యతా ప్రమాణం నంబర్) అని ఉంటే ఇంకా మంచిది.

బండికి అంటించే రేడియం టేపు ముందు తెలుపు, పక్కలకు పసుపు, వెనక ఎరుపు తీసుకోండి. లారీలకు వాడే పద్ధతి అదే, చూసేవాళ్లకు బండి ఎటు తిరిగి ఉందో వెంటనే అర్థమవుతుంది. కింది భాగాలను వదలొద్దు. లో బీమ్ నేలవైపే పడుతుంది కాబట్టి వెనక మడ్‌గార్డ్ కింద, రిమ్ముల మీద, ఫోర్క్ కింద అంటించినది ముందు మెరుస్తుంది. రిమ్ముల మీద టేపు ఉంటే జంక్షన్‌లో పక్కనుంచి వచ్చేవాళ్లకు మీరు కనిపిస్తారు. పక్కనుంచి చూస్తే బైకుకి లైటంటూ ఏమీ ఉండదు. నంబర్ ప్లేట్ మీద, లైట్ల అద్దాల మీద మాత్రం అంటించొద్దు. అంటించే ముందు స్పిరిట్‌తో తుడిచి, ఆరాక అంటించండి. హెల్మెట్ మీద మాత్రం స్పిరిట్ వాడొద్దు, సబ్బునీళ్లు చాలు. థిన్నర్, పెయింట్ లాంటివి తగిలితే ప్లాస్టిక్ హెల్మెట్ బలం తగ్గిపోతుంది.

ఫుడ్ డెలివరీ తమ్ముడు
జాకెట్ గురించి అందరూ చెప్తారు, బ్యాగు గురించి ఎవరూ చెప్పరు. వీపుకి బ్యాగు తగిలించాక జాకెట్ పట్టీలు ఎవరికి కనిపిస్తాయి? ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాగులన్నీ నల్లవే. నేను బ్యాగు మీద రెండు పట్టీలు కుట్టించుకున్నాను, మా వీధి దర్జీ కుట్టిచ్చాడు. బ్యాగు పెద్దదైతే కిందికి జారి టైల్‌లైట్‌ని కూడా కప్పేస్తుంది. అదొకసారి చూసుకోండి.

చీకట్లో బండి ఆపి, పదిహేను అడుగుల దూరం నుంచి ఎవరితోనైనా ఫ్లాష్ వేసి ఫొటో తీయించుకోండి. బ్యాగు తగిలించుకుని, రోజూ కూర్చునేటట్టే కూర్చుని. ఏది మెరుస్తోందో, ఏది చీకట్లో ఉందో ఆ ఫొటోలో అంతా తెలిసిపోతుంది.

నైట్ డ్యూటీ సిస్టర్
నేను స్కూటీ మీద మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు వెళ్తాను. అక్కడ పిల్లర్ల మీద కట్టిన ఎక్స్‌ప్రెస్‌వే పైకి టూవీలర్లు వెళ్లకూడదు, పిల్లర్ల పక్కనుంచే కింది రోడ్డులో వెళ్లాలి. పిల్లర్ చాటు నుంచి మనుషులు ఒక్కసారిగా రోడ్డు మీదికి వస్తారు.

ఇక్కడ ఒక విషయం ఎవరూ అడగలేదు కాబట్టి నేనే అడుగుతున్నాను. రాత్రి ఒంటిగంటకి ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి దూరం నుంచే అందరి కంటా పడటం భయంగా ఉంటుంది. జాకెట్ వేసుకుంటే సిగ్నల్ దగ్గర, టీ కొట్టు దగ్గర నిలబడ్డ వాళ్లంతా తిరిగి చూస్తారు. వేసుకోకపోతే వెనకొచ్చే బండికి కనపడను. నాలాంటి వాళ్లు చాలామంది వేసుకోకుండానే వెళ్తున్నారు. దీనికి దారి ఉందా?

డ్యూటీలో రోజూ చూస్తాను కాబట్టి ఇంకో మాట. హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించకపోతే పడగానే ముందు ఎగిరిపోయేది హెల్మెటే. ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 4151 నంబర్ ఉందో లేదో చూసి కొనండి, ప్రతిసారీ పట్టీ బిగించండి. వెనక కూర్చునే చెల్లెళ్లు, అమ్మలు చున్నీ, కొంగు ఒడిలోకి తీసుకుని కూర్చోండి. చక్రంలో పడటం ఒక ప్రమాదం, లైటు మీద వేలాడి దాన్ని కప్పేయడం ఇంకొకటి.

రేడియం టేపు
అక్కా, మీరు చెప్పింది నిజమే, దానికి దారి కూడా ఉంది. పట్టీ మీద వెలుగు పడితేనే మెరుస్తుంది, అది కూడా ఆ వెలుగు వేసినవాళ్లకే. టీ కొట్టు దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో లైటు ఉండదు కాబట్టి అతనికి అది మామూలు పట్టీలాగే కనిపిస్తుంది. అందరి కళ్లూ లాగేది జాకెట్ చిలకపచ్చ రంగు. ఆ రంగు వదిలేసి పట్టీలు మాత్రమే తీసుకోండి. నల్లరంగు రిఫ్లెక్టివ్ టేపు కూడా వస్తుంది. మామూలుగా చూస్తే నల్లగా ఉంటుంది, హెడ్‌లైట్ పడితే తెల్లగా మెరుస్తుంది. నల్ల హెల్మెట్ వెనక, స్కూటీ వెనక భాగం మీద అంటిస్తే ఉన్నట్టే తెలియదు. మామూలు వెండిరంగు దానికంటే మెరుపు కాస్త తక్కువ, అందుకని వెడల్పుగా అంటించండి. సన్నటి పట్టీలు కుట్టిన ముదురురంగు విండ్‌చీటర్లు కూడా దొరుకుతాయి.

నైట్ డ్యూటీ సిస్టర్
ఇది నాకు తెలియదు. మా వార్డులో అందరికీ చెప్తాను. చాలా థ్యాంక్స్ తమ్ముడూ.

ఉప్పల్ 150
అన్నీ బాగానే ఉన్నాయి కానీ లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ ముందు నా జాకెట్ ఏం చేస్తుంది? పొద్దున్నే పేపర్ తీస్తే "ఆగి ఉన్న లారీని ఢీకొని" అనే వార్తే. ట్రాక్టర్ ట్రాలీలకు వెనక ఒక్క స్టిక్కర్ కూడా ఉండదు. వాటిని చూడాలంటే ముందు వెలుగు కావాలి. అందుకే ఫాగ్ లైట్లు అన్నాను.

ఫిజిక్స్ మాస్టారు
బాబూ, మీ భయం న్యాయమైనదే. కాకపోతే వెలుగు ఎంత పెంచినా వేగంతో కలిపి లెక్క చూసుకోవాలి.

గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. ఎదురుగా ఏదో ఉందని కంటికి తోచి, అది లారీ అని బుర్రకి అర్థమై, చెయ్యి బ్రేకు మీద బిగుసుకునేసరికి ఒకటిన్నర సెకను గడుస్తుంది. ఆ సమయంలో బండి 25 మీటర్లు వెళ్లిపోతుంది. ఆ తర్వాత పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 20, 25 మీటర్లు. మొత్తం 50 మీటర్లకు దగ్గర. అదే 40 వేగంలో అయితే స్పందించేలోపు 17, ఆగడానికి 10, కలిపి 27 మీటర్లు. మామూలు బండి లో బీమ్‌లో మట్టికొట్టుకుపోయిన లారీ వెనక భాగం ముప్పై నలభై మీటర్ల లోపుకి వస్తేగానీ స్పష్టంగా కనపడదు. అంటే 60 మీద వెళ్లేవాడు దాన్ని చూసేసరికే ఆగడానికి చోటు అయిపోయి ఉంటుంది. 40 మీద వెళ్లేవాడికి ఇంకా కొంత మిగిలి ఉంటుంది. చీకటి రోడ్డు మీద ఎవరూ ఎదురు రాకపోతే హై బీమ్ వేయండి, అది అందుకోసమే ఉంది. ఎదురుగా బండి కనపడగానే దించండి.

ఎదుటివాడు దించకపోతే అతని లైటు వైపు చూడొద్దు. చూపు రోడ్డు ఎడమ అంచు మీద, తెల్లగీత ఉంటే దాని మీద పెట్టి, వేగం తగ్గించండి. లైటు దాటిపోయాక కూడా కొన్ని సెకన్ల పాటు కంటికి ఏమీ ఆనదు. వయసు పెరిగేకొద్దీ ఆ సమయం కూడా పెరుగుతుంది. నేను అరవై దాటాక చీకటి పడితే తెలిసిన రోడ్లలోనే, అదీ తప్పనిసరైతేనే బండి తీస్తున్నాను.

ముందు కారు ఉంటే దాని టైల్‌లైట్లను గమనిస్తూ ఉండండి. అవి ఎగిరి దిగితే అక్కడ గుంతో, రంగు వేయని స్పీడ్ బ్రేకరో ఉన్నట్టే. దగ్గరగా అంటుకుని వెళ్తే మాత్రం ఆ సమాచారం మీకు పనికిరాదు.

లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ కనిపిస్తే సురక్షితమైన చోట ఆగి 112కి ఫోన్ చేసి చెప్పండి. దగ్గర్లో ఉన్న మెట్రో పిల్లర్ నంబరో, షాపు పేరో చెప్తే వాళ్లకు తేలిక.

ఉప్పల్ 150
లెక్క అర్థమైంది మాస్టారూ. ఘట్‌కేసర్ రోడ్డు మీద ఇకనుంచి 45 దాటను. ఫాగ్ లైట్లు తీయను కానీ, గ్యారేజ్ అన్న చెప్పినట్టు దించి పెట్టిస్తాను.

కళ్లద్దాల షాపు
రెండు ముక్కలు. హెల్మెట్ వైజర్ మీద సన్నటి గీతలు పడితే పగలు తెలియదు, రాత్రి ఎదుటి లైటు పడగానే అద్దమంతా గీతలు గీతలుగా వెలుగు పరుచుకుంటుంది. దుమ్ము మీద పొడిగుడ్డతో తుడిస్తే పడేవి ఆ గీతలే. తడిపి తుడవండి, గీతలు పడితే వైజర్ మార్చండి. నల్ల వైజర్ రాత్రి వాడొద్దు. నైట్ డ్రైవింగ్ అని అమ్మే పసుపు కళ్లద్దాలు కూడా కొనొద్దు, అవి కంటికి చేరే వెలుగును తగ్గిస్తాయి. రాత్రి మాత్రమే మసకగా ఉందనిపిస్తే కళ్లు పరీక్ష చేయించుకోండి. కొద్దిపాటి సైట్ చాలామందికి రాత్రే బయటపడుతుంది. అద్దాలు వాడేవాళ్లు యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ వేయించుకుంటే తేడా బాగా తెలుస్తుంది.

తెల్లాపూర్ రైడర్
ఒక డౌట్. దారిలో బండి ఆగిపోతే ఏం చేయాలి? కొల్లూరు వైపు ఒకసారి పంక్చర్ అయితే అరగంట రోడ్డు పక్కనే నిలబడ్డాను.

గ్యారేజ్ అన్న
తారురోడ్డు దిగి ఎంత లోపలికి వీలైతే అంత లోపలికి నెట్టు. ఇండికేటర్లు రెండూ వెలిగే స్విచ్ ఉంటే వెయ్యి. బండి వెనక కూర్చుని టైరు చూస్తుంటారు చూడు, అది చాలా ప్రమాదం. నీ ఒళ్లే టైల్‌లైట్‌కి అడ్డం, వచ్చే బండికి నువ్వే ముందు తగులుతావు. ఫోన్ మాట్లాడాలన్నా బండికి దూరంగా, రోడ్డుకి ఎడంగా నిలబడి మాట్లాడు. ఇంజన్ ఆపి లైట్లు చాలాసేపు వేసి ఉంచితే బ్యాటరీ దిగిపోతుంది. అందుకే రేడియం టేపు అంటించుకో, దానికి కరెంటు అక్కర్లేదు.

ఫుడ్ డెలివరీ తమ్ముడు
వానలో చాలామంది ఆ రెండు ఇండికేటర్లూ వేసుకుని నడుపుతారు కదా, అది కరెక్టేనా?

క్యాబ్ స్టీరింగ్
వద్దు తమ్ముడూ. రెండూ కొట్టుకుంటుంటే నువ్వు ఎటు తిరుగుతావో మాకు తెలియదు. ఆగినప్పుడే వెయ్యి. నడిచేటప్పుడు హెడ్‌లైట్, టైల్‌లైట్ చాలు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు ఇంజన్ ఆన్ చేస్తే హెడ్‌లైట్ దానంతటదే వెలుగుతుంది. కొంతమంది స్విచ్ పెట్టించి దాన్ని ఆపేస్తున్నారు. అలా చేయించొద్దు.

అల్వాల్ 110
వాన అంటే గుర్తొచ్చింది. రెయిన్‌కోటు వేస్తే జాకెట్, బ్యాగు పట్టీలు అన్నీ లోపలికి వెళ్లిపోతాయి కదా? నాది నేవీ బ్లూ రెయిన్‌కోటు.

రేడియం టేపు
రెయిన్‌కోటు మీద టేపు నిలవదు, మడతపెట్టిన చోటల్లా ఊడిపోతుంది. ఒక సైజు పెద్ద రిఫ్లెక్టర్ జాకెట్ తీసుకుని రెయిన్‌కోటు పైనే వేసుకోండి. తడిస్తే పాడవదు, ఇంటికొచ్చాక ఆరేయండి చాలు. పిండొద్దు, ఇస్త్రీ చేయొద్దు, గాజు పూసలు రాలిపోతాయి. బురద అంటుకుంటే పట్టీ మెరవదు కాబట్టి వానాకాలంలో తడిగుడ్డతో తుడుచుకుంటూ ఉండండి. బండి వెనక టేపు, టైల్‌లైట్ అద్దం కూడా అదే గుడ్డతో తుడిచేయండి. వాన దారిలో వెనక చక్రం చిమ్మే బురదంతా ముందు పట్టేది వాటికే.